ఎర్రదారం తాళంచెవి

నిన్నంతా పొయ్యిలో కాలి తెల్లబడిన బొగ్గు దిమ్మను మెట్టు మీద పెట్టి, బూటు మడమతో నలిపాడు మన్‌బోక్. కరకరమని పొడయింది. ఆ పొడిని గడ్డకట్టిన మంచు మీద చీపురుతో పరిచాడు. పద్నాలుగు మెట్లు, రెండు మెట్లకో దిమ్మ. సొక్‌గోల్‌లో చలికాలం ఏ వాకిట చూసినా పొద్దున్నే ఇదే పని. గనులు మూతపడి ఇన్నేళ్లయినా ఊరు బొగ్గును వదల్లేదు, బొగ్గు ఊరిని వదల్లేదు.

ఈ రోజు మాత్రం రెండోసారి కూడా పరిచాడు. మధ్యాహ్నం రెండింటికి జిల్లా ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారు. వచ్చిన మనిషి జారిపడితే బాగుండదు. పడితేనే బాగుండునేమో, తనిఖీ తప్పిపోతుంది అని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఛీ, ఇదేం పాడుబుద్ధి అని తనను తానే తిట్టుకుని, నడుం పట్టుకుని నిలబడ్డాడు.

ప్యో మన్‌బోక్‌కు అరవై నాలుగేళ్లు. పొట్టి మనిషి. వయసులో ఉన్నప్పుడు గనిలోకి దుంగలు మోసీ మోసీ కుడిభుజం ఎడమదానికన్నా కిందికి జారిపోయింది. గోళ్ల అంచుల్లో నలుపు ఏ సబ్బుకూ లొంగలేదు. నడుముకు తాళాల గుత్తి. పదకొండు తాళంచెవులు, అన్నీ ఒకే పోత పోసినట్టుంటాయి. అంకెల బిళ్లలు ఎప్పుడో రాలిపోయాయి. ఒక్కో చెవికి ఒక్కో రంగు దారం కట్టుకున్నాడు. చొక్కా జేబులో కళ్లజోడు డబ్బా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అందులో కళ్లజోడు లేదు.

ఉండాల్సిన అవసరమూ లేదు. ఎవరైనా కాగితం చేతికిస్తే డబ్బా తీసేవాడు, మూత తెరిచేవాడు, "అయ్యో నా మతి మండా, జోడు ఇంట్లో వదిలేసొచ్చా. నువ్వే చదువు బాబూ" అనేవాడు. పోస్టాఫీసులో అదే మాట, ఆసుపత్రిలో అదే మాట. పనిలేని గనికూలీలకు కొత్తపనులు నేర్పడానికి సర్కారు డబ్బుతో పెట్టిన ఈ శిక్షణ కేంద్రంలో పదకొండేళ్లుగా కాపలా, ఊడుపు, పొయ్యి అన్నీ తనవే. వెల్డింగు నేర్పుతారు, క్రేను నేర్పుతారు, రోగుల్ని చూసుకోవడం నేర్పుతారు. చివరి గదిలో ముసలమ్మలకు అక్షరాలు నేర్పుతారు. ఆ గది నల్లబల్లను రోజూ సాయంత్రం తుడిచేది మన్‌బోకే. మన్‌బోక్‌కు అక్షరం ముక్క రాదు.

పేరు రాయడం ఒక్కటే వచ్చు. పెళ్లయిన కొత్తలో భార్య నేర్పింది. మిగతాదీ నేర్పుతానని ఆవిడ పుస్తకం, పెన్సిలు కొనుక్కొస్తే, పెళ్లాం ముందు బుద్ధిగా కూర్చుని దిద్దడమా అని పుస్తకం విసిరికొట్టాడు. ఆవిడ మళ్లీ ఎత్తలేదు. బతికినన్నాళ్లూ బిల్లులు తనే చదివి, తనే కట్టి, ఆరేళ్ల క్రితం పోయింది. ఆ పుస్తకం పడ్డ చప్పుడు ఇప్పటికీ అప్పుడప్పుడు చెవుల్లో వినపడుతుంది.

డైరెక్టరు నామ్‌గుంగ్ నిన్ననే పిలిచి విషయం చెప్పాడు. చెడ్డవాడేం కాదు, మాట మెత్తన. "ప్యో గారూ, పదిహేనుమంది ఉంటేనే అక్షరాల తరగతికి గ్రాంటు ఇస్తారండీ. ఒకావిడ పోయింది, ఒకావిడ తుంటి విరగ్గొట్టుకుంది. పదమూడుమందే తేలారు. రేపు తనిఖీలో వంటావిడ ఒకర్తీ, మీరొకరూ కాసేపు కూర్చోండి. చదువు రానట్టు నటిస్తే చాలు. అవ్వల కోసమే కదా."

చదువు రానట్టు నటించడం! మన్‌బోక్ తల ఊపాడు. యాభై ఏళ్లుగా వచ్చినట్టు నటిస్తున్నవాడికి అదొక లెక్కా అనిపించింది. అయినా రాత్రి నిద్ర పట్టలేదు.

ఎనిమిదిన్నర వ్యానులో అందరికన్నా ముందు మల్‌సున్ అవ్వ దిగింది. డెబ్భై ఆరేళ్లు, వంగిన నడుం, నోరు మాత్రం నిటారు. మల్‌సున్ అంటే ఆఖరి ఆడపిల్ల అని. ఇక చాలని వాళ్ల నాన్న ఆ పేరు పెడితే, ఏడాదిన్నరకే ఇంకో ఆడపిల్ల పుట్టింది. విసుగొచ్చి దానికి తోసున్, మళ్లీ ఆడపిల్లే, అని పెట్టాడు. ఆ కథ అవ్వ ఊళ్లో చెప్పని మనిషి లేడు.

అవ్వ బూట్లు విప్పి, తన పేరున్న అరలో పెట్టి, లోపలి చెప్పులు వేసుకుని పొయ్యి పక్కన చతికిలబడింది. మన్‌బోక్ బార్లీ నీళ్లు పోసిచ్చాడు.

"ఏం తమ్ముడూ, ఇవాళ నువ్వూ మా పక్కన కూర్చుంటావంటగా మొద్దబ్బాయిలా? నటించగలవా? దొరికిపోతావు చూడు. చదువొచ్చిన వాడి మొహం దాగదు."

"ఏదో, కాసేపేగా అక్కా."

"నా ఉత్తరం గడగడా చదివిపెట్టిన నోరది. ఇవాళ ఎట్లా మూస్తావో చూస్తా." అవ్వ నవ్వి, గుడ్డసంచిలోంచి కవరొకటి తీసి మోకాలి మీద పెట్టుకుంది. "ఇదిగో, అదే. తలా ఒకటి ఇంటినుంచి తెచ్చి చదవాలంది టీచరమ్మ. ఇదే చదువుతా. చేతిరాత కదా, కొరుకుడు పడదని ఇన్నాళ్లూ ముట్టలేదు. ఈ నెలే చేతిరాత నేర్పింది. తప్పుల్లేకుండా చదవడం వచ్చాకే తెరుస్తానని ఒట్టేసుకున్నా. నువ్వు చెప్పింది నాకు కంఠతా వచ్చులే, ఎక్కడన్నా ఆగితే అందుకుంటా."

చేతిలో బార్లీ కెటిల్ బరువెక్కింది. పొయ్యి మీద పెట్టబోయి పక్కన పెట్టాడు, నీళ్లు ఒలికాయి.

మూడేళ్ల కిందటి మాట. శరత్కాలం. గేటు దగ్గర రాలిన గింకో చెట్టు ఆకులు ఊడుస్తూ, వెల్డింగు కుర్రాళ్లకు సైన్యం కబుర్లు చెబుతున్నాడు. మగవాళ్లంతా సైన్యంలో చేసి తీరాల్సిన ఆ దేశంలో, నలుగురు చేరితే ఏ యూనిట్లో చేశావు, ఎంత చలి తిన్నావు అనే మాట తప్ప ఇంకోటి ఉండదు. బడిమొహం చూడలేదని మన్‌బోక్‌ను సైన్యం తీసుకోనేలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. అక్కడా ఇక్కడా విన్న కబుర్లన్నీ పోగేసుకుని తనవిగా చెప్పేవాడు. ఆ రోజూ చెప్పాడు: "సరిహద్దు కొండమీద, మా గుడారంలో సగంమందికి చదువు లేదు. ఉత్తరాలొస్తే అందరికీ నేనే చదివిపెట్టేవాణ్ణి." ఆ మాట నోట్లో ఉండగానే మల్‌సున్ అవ్వ కవరు పట్టుకుని గేట్లోకొచ్చింది. "బడిలో మనిషివి కదా తమ్ముడూ, మా చెల్లెలు రాయించినట్టుంది, చదివిపెట్టు."

చెయ్యి కళ్లజోడు డబ్బా మీదికి వెళ్లింది. కుర్రాళ్లు చూస్తున్నారు. చెయ్యి కిందికి దిగిపోయింది. కాగితం విప్పి, దూరంగా పట్టుకుని చదివాడు. "అక్కా, నేను కులాసా. ఈ ఏడు ఇక్కడ పండ్లు బాగా కాశాయి. చలి మొదలైంది, మోకాళ్లకు గుడ్డ చుట్టుకో. వసంతంలో నేనే వస్తాను." అవ్వ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి తను గొప్ప పనే చేశాననుకున్నాడు కూడా, సిగ్గులేని మనిషి!

చలికాలం మధ్యలో ఫోనొచ్చింది, చెల్లెలుండే చేపల ఫ్యాక్టరీ ఊరినుంచి. తోసున్ పోయింది. మూడు నెలలుగా ఆసుపత్రిలోనే ఉందట. అవ్వ వెళ్లి, అక్కడే ఉంచిన బూడిద చూసి తిరిగొచ్చింది. "జబ్బని ఒక్క ముక్క చెప్పలేదు చూడు ముండ! వసంతంలో వస్తానని నంగనాచి కబురొకటి. నేను దానికి అంత పరాయిదాన్నయ్యానా?" అని ఊరంతా తిట్టింది. తిట్టి తిట్టి ఏడ్చింది. నాకే రాత వచ్చుంటే నాలుగు ముక్కలు గట్టిగా రాసేదాన్ని, నిజం కక్కించేదాన్ని అని, పంతానికి అక్షరాల తరగతిలో చేరింది. ఆ మాటలన్నీ మన్‌బోక్ పొయ్యి ఊదుతూ విన్నాడు. ఉత్తరంలో ఏముందో అతనికి ఇప్పటికీ తెలియదు. తను చెప్పింది లేదని మాత్రం తెలుసు.

మధ్యాహ్నం అందరూ భోజనాల గదిలో ముల్లంగి ఆకు పులుసు తాగుతున్నప్పుడు, పొయ్యిలో బొగ్గు మార్చే వంకతో తరగతిగదిలోకి వెళ్లాడు. అవ్వ కుర్చీకి గుడ్డసంచి వేలాడుతోంది. చెయ్యి పెట్టాడు. కవరు తగిలింది. పొయ్యి మూత అప్పటికే తెరిచి ఉంది, ఎర్రగా సెగ కొడుతోంది. పడేస్తే అయిపోతుంది. తీస్తూ పెడుతూ ఎక్కడో జారవిడిచాననుకుంటుంది. ముసలిది కదా.

కాగితం విప్పాడు. నల్లని గీతలు, సున్నాలు, కర్రపుల్లలు. తలకిందులుగా పట్టుకున్నాడో తిన్నగా పట్టుకున్నాడో కూడా తెలియలేదు. ముందు బల్లమీద అవ్వ పుస్తకం తెరిచి ఉంది. రెండేళ్లుగా నాలుక పళ్లమధ్య పెట్టుకుని దిద్దిన రాత, పెన్సిలు ఒత్తిడికి పేజీ వెనక్కి ఉబ్బిపోయింది. మన్‌బోక్ కాగితాన్ని ఉన్నట్టే మడిచి కవర్లో పెట్టాడు. సంచిలో పెట్టాడు. దొంగతనం కూడా చేతకాలేదు నాకు, అనుకున్నాడు.

రెండింటికి జిల్లా ఆఫీసు అమ్మాయి వచ్చింది. ముప్ఫై దాటవు. మెట్ల మీద జారలేదు. పదిహేను బల్లలు, పదిహేను పేర్ల అట్టలు. ఒకదానిమీద ప్యో మన్‌బోక్ అని ఉంది. ఆ అక్షరాలు గుర్తుపట్టి ఆ కుర్చీలో కూర్చున్నాడు. పక్కనే మల్‌సున్ అవ్వ. వెనక వంటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది. డైరెక్టరు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బాంగ్ టీచరు ఒక్కొక్కరినే లేపింది. ఒకావిడ మందుసీసా చీటీ చదివింది, ఒకావిడ మనవడి పుట్టినరోజు కార్డు. తర్వాత మల్‌సున్ అవ్వ లేచింది. గొంతు సవరించుకుంది, అందరినీ ఒకసారి కలయజూసింది.

"ఇది మా చెల్లెలి ఉత్తరం. అది రాయించింది. ఇప్పుడు లేదు."

కాగితం ముక్కుదాకా తెచ్చుకుంది. వేలు కింద పెట్టి, అక్షరం అక్షరం లాగింది.

"అ... క్కా. నే... ను... ఆ... సు..." ఆగింది. వేలు వెనక్కి జరిపింది. "కాదు కాదు. తప్పు చదివా. ఇక్కడ కులాసా అని ఉండాలి."

మళ్లీ మొదలెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఇంట్లో బాగానే వచ్చేది టీచరమ్మా, పుస్తకంలోవి. ఇవాళే ఏమిటో ఇట్లా..." జిల్లా ఆఫీసు అమ్మాయి వైపు వంగి, "తప్పయిందమ్మా. రాత మర్చిపోతున్నా. దీనికోసం మా డబ్బులాపెయ్యకండి" అంది.

మన్‌బోక్ బల్ల అంచు పట్టుకున్నాడు.

టీచరు వెనకనుంచి వంగి చూసింది. "తప్పు లేదవ్వా. సరిగ్గానే చదువుతున్నారు. ఆసుపత్రి అనే ఉంది. మీరు కళ్లతో చూసిందే చదవండి, అంతే."

"ఆసుపత్రి అనా?"

"అవునవ్వా."

అవ్వ కాగితాన్ని మళ్లీ ముక్కుదాకా తెచ్చుకుంది. తర్వాత వేలు కదిపింది. ఎంతసేపు పట్టిందో! ఒక్కో మాట దాటేసరికి గోడ గడియారం ఎన్నోసార్లు టిక్కుమంది. "అక్కా. నేను ఆసుపత్రిలో ఉన్నాను. ఇది పక్క మంచం అమ్మాయి రాస్తోంది. తొలి మంచు దాకా ఉంటానో లేదో అంటున్నారు. డబ్బులేం వద్దు. ఒక్కసారి రా. నువ్వు చేసే బంగాళాదుంప ఉండల పులుసు తాగాలని ఉంది. రాకపోతే కోపమొచ్చిందనుకోనులే. దారి దూరం కదా అనుకుంటాను."

పొయ్యిలో బొగ్గు చిటపటమంది. జిల్లా ఆఫీసు అమ్మాయి కళ్లు ఒత్తుకుంటూ, "చాలా బాగా చదివారవ్వా" అని కాగితం మీద ఏదో గుర్తు పెట్టింది.

మల్‌సున్ అవ్వ తల తిప్పి మన్‌బోక్‌ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. అర్థంకాని లెక్కను చూసినట్టు చూసింది. గడగడా చదివాడే! ఎందుకట్లా చేశాడు? నేనేం చేశాను ఇతన్ని? ఆ ప్రశ్న మొహం మీద అచ్చు వేసినట్టు కనిపించింది. చదువు రాని మన్‌బోక్ కూడా చదవగలిగాడు.

"తర్వాత, ఆ పక్కన పెద్దాయన?" అంది ఆఫీసు అమ్మాయి.

మన్‌బోక్ లేచాడు. కుర్చీ కిర్రుమంది. అలవాటుగా చెయ్యి జేబు మీదికి వెళ్లింది. డబ్బా తీశాడు. మూత తెరిచి బల్లమీద పెట్టాడు. ఖాళీ డబ్బా అందరికీ కనిపించింది.

"నాకు చదవడం రాదమ్మా."

డైరెక్టరు తలుపు దగ్గర మెచ్చుకోలుగా తల ఊపాడు.

"నటన కాదమ్మా. నిజంగానే రాదు. వచ్చని చెప్పుకు తిరిగాను. సైన్యంలో చేశానని చెప్పాను, చెయ్యలేదు. బడికి పోలేదని తీసుకోలేదు. ఒకావిడ నన్ను నమ్మి ఉత్తరం చేతికిస్తే..." చేతివెనకతో కళ్లు తుడుచుకున్నాడు. "రాదని ఒప్పుకోడానికి సిగ్గేసి, నోటికొచ్చింది కల్పించి చెప్పాను. ఆవిడ నమ్మింది. తనవాళ్లను చివరిచూపు చూసుకోలేకపోయింది. నావల్లే."

వంటావిడ భుజాలు నవ్వుతో అదురుతున్నాయి. డైరెక్టరు కిటికీ వైపు తిరిగి పెదవి కొరుక్కున్నాడు. ఆఫీసు అమ్మాయి మాత్రం పెన్ను దించి, "ఇలాంటి వాళ్ల కోసమే కదండీ ఈ గ్రాంటు" అంది టీచరుతో. పదిహేనుమందీ అర్హులేనని రాసి, ఎర్రముద్ర వేసి, టీ కూడా తాగకుండా కారెక్కింది.

కారు మలుపు తిరిగిందో లేదో, డైరెక్టరు వచ్చి మన్‌బోక్ వీపు తట్టాడు. "అబ్బబ్బ, ఏం నటనండీ ప్యో గారూ! ఆ ఖాళీ డబ్బా ఆలోచన మీదేనా? టీవీలో ఉండాల్సిన మనిషండీ మీరు. నాకే నిజమనిపించింది."

"కళ్లనీళ్లెట్లా తెప్పించావయ్యా, ఉల్లిపాయ పెట్టుకున్నావా?" అంది వంటావిడ.

కాదు, నిజమే, అనాల్సింది అప్పుడు. మన్‌బోక్ నోరు తెరిచాడు. "ఏదో, మీ దయ సార్" అని నవ్వాడు. ఆ నవ్వు తన మొహం మీద తనకే తెలిసింది. చచ్చేంత సిగ్గేసింది. నవ్వు మాత్రం ఆగలేదు.

నాలుగింటికి వ్యాను వచ్చింది. మల్‌సున్ అవ్వ ఆఖరున దిగింది మెట్లు, ఒక్కొక్కటే, బొగ్గుపొడి మీద కాలు ఆనించి. మన్‌బోక్ చెయ్యి అందించాడు. పట్టుకోలేదు. కింది మెట్టు దగ్గర ఆగింది.

"నిజమేగా నువ్వన్నది?"

"నిజమే అక్కా."

"అక్షరం కూడా రాదా?"

"పేరొక్కటే."

అవ్వ ఊపిరి తెల్లగా పొగలాగ పోయింది. "అది నన్ను పిలిచింది. నేనేమో మూడేళ్లు దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నా. చచ్చినదాన్ని పట్టుకుని తిట్టానురా!"

మన్‌బోక్ చెదిరిన బొగ్గుపొడిని బూటుతో మెట్టు మీదికి సర్దాడు.

"తిడదామంటే తిట్లు కూడా రావట్లేదు. నాకు రాదు, నేర్పండి అని చెప్పడానికి నాకూ డెబ్భై నాలుగేళ్లు పట్టింది. అదెంత బరువో నాకు తెలుసు. కానీ ఒక్క ముక్క అనుంటే చాలు కదరా నువ్వు, నాకూ రాదక్కా అని. ఇద్దరం కలిసి ఎవరి దగ్గరికన్నా పోయేవాళ్లం. నాలుగడుగులేగా టీచరమ్మ గదికి."

వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. అవ్వ ఎక్కి కూర్చుంది. కిటికీ అద్దం ఆవిరి పట్టి ఉంది, మొహం కనపడలేదు.

తర్వాత మన్‌బోక్ రోజూ చేసే పనులే చేశాడు. బకెట్ కడిగాడు, పొయ్యి ఆర్పాడు, తడిగుడ్డలు తీగ మీద ఆరేశాడు. నల్లబల్ల దగ్గర డస్టరు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఏ అక్షరమో తెలియని ఒక అక్షరాన్ని గాల్లో వేలితో ఒకసారి దిద్దాడు. చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. అయినా చెయ్యి చటుక్కున జేబులో పెట్టుకున్నాడు. బల్ల తుడవలేదు. పదకొండు తలుపులకూ తాళాలు వేసి, గుత్తిని ఆఫీసు బయట మేకుకు తగిలించి, పెద్దగేటు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

మర్నాడు వ్యాను వచ్చేసరికి మెట్ల మీద బొగ్గుపొడి పరిచే ఉంది, కొత్తది. పొయ్యి మాత్రం వెలగలేదు. డైరెక్టరు ఫోను చేస్తే ఎత్తలేదు. మన్‌బోక్ పక్కింటాయన చెప్పాడు, తెల్లారగట్ల బస్సుస్టాండులో చూశానని. చేపల ఫ్యాక్టరీ ఊరికి ఏ బస్సు పోతుందని అడుగుతున్నాడట. కళ్లజోడు మర్చిపోయాననలేదట. నాకు చదవడం రాదు, బస్సు చూపించండి అన్నాడట.

తరగతిగది ముందు అవ్వలంతా చలికి చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు. డైరెక్టరు గుత్తి తెచ్చి ఒక్కో చెవీ పెట్టి తిప్పుతున్నాడు. ఏదీ పట్టదు. "ఏంటండీ ఈ దారాలు! బిళ్లలు కట్టుకోవచ్చు కదా, అంకెలేసి?"

"ఇలా పట్రా" అంది మల్‌సున్ అవ్వ.

గుత్తి తీసుకుని వెలుతురుకు పట్టుకుంది. "నల్లది వెల్డింగు షెడ్డుది, మసి కదా. నీలం నీళ్లగది. పసుపు వంటిల్లు, ఊరవేస్తే పచ్చబడే ముల్లంగి రంగు. తెల్లది మీ ఆఫీసు, కాగితాలు." ఒక్కో దారాన్నీ వేలితో తడుముతూ, నిన్న ఉత్తరం చదివినంత నెమ్మదిగా, ఎక్కడా తప్పు పోకుండా చెప్పుకుంటూ పోయింది. "ఎర్రది మనది. టీచరమ్మ తప్పులు దిద్దే పెన్ను రంగు."

"మీకెట్లా తెలుసవ్వా?" అంది బాంగ్ టీచరు.

"చదువు రాని రోజుల్లో నా మందు పొట్లాలకు నేనూ ఇట్లాగే కట్టుకునేదాన్ని."

డైరెక్టరు ఏదో అనబోయాడు. "అంటే నిన్న ఆయన..." అన్నాడు. నిన్న వీపు తట్టిన చేతిని కోటు జేబులో దాచుకున్నాడు.

ఎర్రదారం చెవికి తలుపు తెరుచుకుంది. అవ్వలు ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు. టీచరు హాజరు పిలిచింది. పదిహేనో పేరు దగ్గర ఆగి, అయినా పిలిచింది. "ప్యో మన్‌బోక్."

"ఖాళీగా వదులమ్మా. కొట్టెయ్యకు" అంది మల్‌సున్ అవ్వ. లేచి, చేతిలోని గుత్తిని పక్కబల్ల మీద, పేరున్న అట్ట ముందు పెట్టింది. పదకొండు దారాల్లో పది మసిబారి, చెమటకు వెలిసిపోయి ఉన్నాయి. ఎర్రది ఒక్కటే కొత్తది. ముడి వేసి ఒక్క రాత్రి కూడా గడిచినట్టు లేదు, కొసలు ఇంకా విడలేదు.